ఆగని సాంచ

“కోరుట్ల బస్టాండ్ల దించిన మేడం. నా పని గాడికే.”

డ్రైవర్ రాజన్న పొద్దుటి నుంచి ఇదే మాట చెబుతున్నాడు. ఒక్క అక్షరం మారలేదు. ఇన్‌స్పెక్టర్ శోభకు నచ్చనిది అదే. జరిగినదాన్ని రెండోసారి చెప్పేవాడు ఏదో ఒకటి మరిచిపోతాడు, మరిచిపోయిన ఇంకేదో గుర్తు చేసుకుంటాడు. కంఠతా పట్టినవాడే అదే వరసలో అప్పజెబుతాడు.

తప్పిపోయినవాడు బుగ్గారం ఊరి ప్రకాశ్. మూడేళ్లకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. మొన్న శంషాబాద్‌లో విమానం దిగి, రాజన్న కారు ఎక్కి, ఎక్కానని భార్య పద్మకు ఫోన్ చేశాడు. ఇంటికి చేరలేదు. ఆ సాయంత్రం అతని ఫోన్ సిరిసిల్ల టవర్ కింద ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. తర్వాత పద్మకు ఎవరో ఫోన్ చేశారు. నీ మొగడు తెచ్చిన బంగారం మాది, ఎక్కడ పెట్టాడో చెప్పమను అన్నారు. పద్మకు బంగారం సంగతే తెలియదు.

కోరుట్ల స్టేషన్‌లో వెనక గదిలో బల్లకు ఇటు శోభ, అటు రాజన్న.

“సామాన్లు ఎవరు దించిన్రు?”

“ఆయనే దించుకున్నడు. రెండు అట్టడబ్బలు, ఒక సూట్‌కేసు.”

“మూడేండ్లకు ఇంటికి పోయే మనిషి, గంత సామానుతోని బస్సుల పోతనన్నడు.”

“అన్నడు మేడం. నాకు ఇంకో గిరాకీ ఉండె.”

“ఏమిచ్చిండు నీకు?”

“కిరాయి ముందుగాల్నే ఇచ్చిన్రు.”

“కిరాయి అడుగుతలేను. సెంటు సీసనో, సబ్బో, తలనొప్పి మందో. దుబాయోని ఇంటి ముంగట బండి ఆపి ఉత్త చేతులతోని మర్లిన డ్రైవర్‌ను నేను జూడలే. గందుకే మీరు ఇంటి దాక పోతరు. నడిమిట్ల దిగుతనన్నా దింపరు.”

రాజన్న బల్ల మీది గీతల్ని చూస్తూ కూర్చున్నాడు. శోభ ఒక కాగితం పొట్లం విప్పి అతని ముందుకు జరిపింది. అందులో గుప్పెడు నూగు ఉంది. తెల్లగా, మెత్తగా, మధ్యలో ఆకుపచ్చ పోగు ఒకటి.

“నీ బండి ఎనక సీటు కింద దొరికింది. ఏందిది?”

“దుమ్ము గద మేడం.”

“కోరుట్ల బస్టాండ్ల గిసుంటి దుమ్ము ఉండది. బట్ట నేసే సాంచల కింద ఉంటది. చెప్పులకు అంటుకొని బండ్లకు ఎక్కుతది.”

“సిరిసిల్ల గిరాకీలు మస్తు పోత. ఎప్పటిదో.”

“పొద్దుగాల నువ్వే అన్నవు. ఏర్‌పోర్టు గిరాకీ అని బండి కడిగించుకొని పోయినన్నవు. కడిగినంక ఎక్కిన నూగు ఇది. నేను సాంచల వాడల్నే పుట్టిన రాజన్న. అన్నం పళ్లెంలకెల్లి దీన్ని ఏరిపారేసుకుంట పెరిగిన.”

రాజన్న పొట్లాన్ని వెనక్కి నెట్టాడు. తర్వాత గొంతు తగ్గింది.

“నన్ను సంపుతరు మేడం.”

“నువ్వు చెప్పకపోతే ముందుగాల ఆయనను సంపుతరు.”

అప్పుడు చెప్పాడు. కరీంనగర్ దాటాక వెనక నుంచి వచ్చిన కారు అడ్డం ఆగింది. ఇద్దరు దిగి ప్రకాశ్‌కు అటూ ఇటూ కూర్చుని బండిని సిరిసిల్ల వైపు తిప్పించారు. డబ్బాలు దారిలోనే చింపి చూశారు. వాళ్లకు కావలసింది దొరకలేదు.

“ఏ కార్ఖానల పెట్టిన్రు?”

“నాకు తెల్వది. వాడ మూలమీద దిగిన్రు. మూలకు సైజింగ్ మిల్లు ఉంటది, దానికి ఎదురుంగ పాత చర్చి గోడ.”

శోభ కలానికి మూత పెట్టింది. ఆ వాడ ఆమెకు తెలుసు. ఆ వాడలో ఆమెకు ఒక ఇల్లుంది. రెండేళ్లుగా దానికి తాళం వేసి ఉంది.

“అప్పటికి మనిషి ఎట్లున్నడు?”

“నడుస్తుండె మేడం. ‘నా దగ్గర లేదన్నా’ అనుకుంట నడుస్తుండె.”

నడుస్తుండె. పద్మకు చెప్పడానికి ఈ ఒక్క మాట దొరికింది.

జీపు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. జలపతి. దుబాయిలో ప్రకాశ్‌తో ఒకే గదిలో ఉన్నవాడు, పోయిన నెల సెలవు మీద వచ్చాడు. ప్రకాశ్ తప్పిపోయినప్పటి నుంచి పద్మకు సొంత మరిదిలా తోడున్నాడు. స్టేషన్లకు తిప్పినవాడు, ఫోన్లు ఎత్తినవాడు అతనే.

“మేడం, ఏమన్న తెలిసిందా? వదినె అన్నం ముడుతలేదు.”

“సిరిసిల్లకు పోతున్నం. ధైర్యం చెప్పు.”

“మిషిన్ అచ్చిందా?”

“అచ్చింది.”

ఫోన్‌లో గాలి హోరు వినిపించింది. ఫ్యాను కింద నిలబడి మాట్లాడుతున్నాడనుకుని శోభ పెట్టేసింది.

ఆ మిషన్ సంగతి నిన్న బుగ్గారంలో తనే చెప్పింది. చెప్పాలని వెళ్లలేదు. పద్మ గడప దగ్గర కూర్చుని సర్వపిండి డబ్బాలో పెడుతోంది. ప్రకాశ్ విమానం ఎక్కేముందు అడిగాడట. మొన్న చేసినది పొరుగింటికి ఇచ్చి, మళ్లీ వేడిగా చేసింది.

“గోడకు అవతల మనిషి ఉన్నడా లేడా చెప్పే మిషిన్ తెస్తున్నరట గద మేడం. బతికున్నడా అనేది సుత చెప్తదా?”

శోభ సాధారణంగా ఇలాంటివాటికి జవాబు చెప్పదు. నిన్న చెప్పింది.

“రాడార్ అది. గోడలకెల్లి పోయి మనిషికి తగిలి మర్లి అస్తది. మనిషి కదలకున్నా ఊపిరి తీస్తే చాలు, ఛాతి లేచుడు పడుడు పట్టుకుంటది. సాంచల అదురు ఒక్కటే దానికి పడది. అవి ఆపించి చూస్తం.”

పద్మ డబ్బా మూత పెట్టి దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. “మూడేండ్లు ఫోన్ల మాట్లాడిన. గొంతు ఉండేది, మనిషి ఉండకపోయేది. గిప్పుడు గొంతు సుత లేదు. ఊపిరి ఒక్కటి ఉన్నదని చెప్తే చాలు మేడం.”

ఆ మాటకు శోభ తల ఊపింది. జలపతి లోపలి నుంచి టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టాడు.

*

సిరిసిల్లలో సైజింగ్ మిల్లు పక్కన చీరల కట్టలు మోసే వ్యాను ఒకటి నిలిపి ఉంది. అందులో ప్రత్యేక బృందం ఇన్‌స్పెక్టర్ మహిపాల్, మిషన్ నడిపే ఇంజనీరు రమ. మహిపాల్, శోభ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు. అప్పటి నుంచి అతను ఆమెతో పోటీ మానలేదు.

“కోరుట్లకెల్లి నడుసుకుంట అచ్చినవా శోభా?”

“మనిషితోని మాట్లాడి అచ్చిన. మీరు గోడతోని మాట్లాడుడు అయిపోయిందా?”

“నువ్వు వాడ చూపిస్తే అయిపోతది. కరెంటోళ్లకు చెప్పిన. వాడ మొత్తం బంద్ చేపిస్త. సాంచలు ఆగుతయి, మిషిన్ పెడ్త, తలుపు పగలగొడ్త. చాయ్ చల్లారేలోపు పని ఖతం.”

“కరెంటు పోతే వాడంత బయటికి అస్తది. లోపలోడు ఏమనుకుంటడు? ఎండకాలం కాదు, గాలివాన లేదు, కరెంటెందుకు పోయిందని తొంగి చూస్తడు. కొత్త వ్యాను కనబడుతది.”

“మరి సాంచలు నడువంగ చూద్దామా?”

“చూడక తప్పదేమో, ఒకసారి చూద్దాం.”

రమ మధ్యలో అందుకుంది. ముప్పై దాటిన మనిషి, హైదరాబాద్ నుంచి పెట్టెతో పాటు వచ్చింది. “మేడం, ముందుగాల లోపల ఎవ్వరూ లేరని గట్టిగ తెలిసిన ఇల్లొకటి కావాలె. ఖాళీ ఇంటి మీద పెట్టి చూస్తే గీ అదురు ఎంత తప్పు చూపిస్తదో తెలుస్తది.”

“ఉన్నది,” అంది శోభ.

వాడలోకి నడిచారు. శోభ మామూలు చీరలో ఉంది. రెండు వైపులా కార్ఖానాలు. ప్రతి గోడ వెనక సాంచలు, కరెంటుతో నడిచే మగ్గాలు, కొట్టుకుంటున్నాయి. కార్ఖానాల్లో సగం చేతులు మారినవే, కిరాయికి పోయినవే. ఎవరు పాత, ఎవరు కొత్త అని తలుపు చూసి చెప్పలేం. శోభ ఒక నీలం తలుపు ముందు ఆగింది. రమ సూట్‌కేసంత నల్లటి పెట్టెను గోడకు ఆనించింది. తెర వెలిగింది.

“కదిలేటోళ్లు ఎర్ర చుక్కలు మేడం. కదలకుండ ఊపిరి తీసేటోళ్లు పచ్చ చుక్కలు.”

కాసేపు తెర మీద ఏవో మరకలు వచ్చి పోయాయి. తర్వాత ఎడమ వైపు గోడ దగ్గర పచ్చ చుక్క ఒకటి నిలిచింది. పెద్దదవుతోంది, చిన్నదవుతోంది. నిదానంగా, ఆరోగ్యంగా ఉన్న మనిషి మధ్యాహ్నం నిద్రలో ఊపిరి తీసినట్టు.

“లోపల ఒకరున్నరు మేడం,” అంది రమ.

“లేరు.”

“పడుకొని ఉన్నరు. కింద, గోడ పక్కకు.”

“గా ఇంట్ల ఎవ్వరూ లేరు.”

మహిపాల్ తెర మీదికి వంగాడు. “మిషిన్‌కు అబద్ధమాడే పని ఏమున్నది శోభా? ఎవడో దూరిండు. తాళం వేసిన ఇల్లు, దాచనీకి గింతకన్న మంచి జాగ దొరుకుతదా?”

శోభ చేతి సంచిలోంచి తాళంచెవి తీసింది. అది ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. తాళంలో పెట్టి తిప్పబోయేముందు ఒక్క క్షణం ఆగింది. ఎడమ వైపు, గోడ పక్కన ఆమె భర్త మంచం ఉండేది. మధ్యాహ్నం అన్నం తిని అక్కడే కాసేపు నడుం వాల్చేవాడు. రాత్రిళ్లు ఆమెకు మెలకువ వస్తే ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించేది. ఊపిరి ఉందని తెలిశాక మళ్లీ నిద్రపోయేది. ఆయనకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

తెర మీద పచ్చ చుక్క పెద్దదైంది, చిన్నదైంది.

తలుపు తెరిచింది. మహిపాల్ తుపాకీ మీద చెయ్యి వేసి ముందుకు వెళ్లాడు. లోపల ఎవరూ లేరు. మంచం లేదు, దాన్ని ఆమే ఎవరికో ఇచ్చేసింది. మంచం ఉండే చోట ఇనుప బీరువా జరిపి పెట్టి ఉంది. దాని తలుపు సరిగా పడక, అటు కార్ఖానా అదురూ ఇటు కార్ఖానా అదురూ కలిసి, మెల్లగా ముందుకు వస్తోంది, వెనక్కి పోతోంది. నేల మీద దుమ్ములో అడుగు గుర్తులు లేవు. వంటగది కిటికీ గడియ వేసే ఉంది.

శోభ బీరువా తలుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది.

“చుక్క పోయింది మేడం,” బయటి నుంచి రమ చెప్పింది.

“తెలుసు.”

మహిపాల్ తుపాకీ మీది చెయ్యి తీశాడు. బయటికి వచ్చాక అన్నాడు. “అయితే గిట్ల పది కార్ఖానలల్ల పది బీరువలు పట్టుకుంటం. సాంచలు ఆపకుండ పని కాదు.”

“ఆపిస్త. కరెంటుతోని కాదు.”

*

లస్మయ్య వాడ పెద్ద. శోభను చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు. ఆమె చెప్పింది చివరిదాకా విన్నాడు.

ఆ వాడలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లోనైనా చావు జరిగితే పెద్దమనిషి వీధిలో చెయ్యెత్తి నడుస్తాడు. ఆ చెయ్యి చూసినవాడు ముందు సాంచ ఆపుతాడు, తర్వాత బయటికి వచ్చి పేరు అడుగుతాడు. పేరు తెలిశాక ఆపుదామా వద్దా అని ఎవరూ ఆలోచించరు. చర్చికి పోయేవాడైనా గుడికి పోయేవాడైనా అంతే.

“చావంటే తొంగి చూసెటోడు ఉండడు కాకా. కొత్తోడైనా తలుపు దగ్గరికేసుకుంటడు,” అంది శోభ.

“ఎవ్వరి పేరు చెప్పాలె బిడ్డా?”

“మా ఇంట్ల అని చెప్పు.”

లస్మయ్య ఆమె ముఖంలోకి చూశాడు. “గా ఇంట్ల ఇంకెవరున్నరని?”

“ఎవ్వరూ లేరు. గందుకే.”

ఆయన కండువా సర్దుకుని లేచాడు. “రేపు అబద్ధమని తెలిస్తే వాడ నన్ను తిడతది.”

“నా పేరు చెప్పు. నన్ను తిట్టుమను.”

చెయ్యెత్తి ఆయన నడుస్తుంటే కార్ఖానాలు ఒక్కొక్కటే ఆగాయి. మొదట సైజింగ్ మిల్లు పక్కది. తర్వాత దాని ఎదురుది. ఆగిన చప్పుడు వాడ పొడవునా పాకింది. రెండేళ్ల కింద ఇలాగే ఒక మధ్యాహ్నం శోభ డ్యూటీ నుంచి జీపులో వచ్చింది. వాడ మలుపు తిరిగేసరికి ఒక్క సాంచ చప్పుడు లేదు. కరెంటు స్తంభం మీద లైటు పగలే వెలుగుతోంది. కరెంటు ఉండి కూడా సాంచలు ఆగాయి. అయ్యో, ఎవరింట్లోనో పాపం అనుకుంది. ఇంటి ముందు జనాన్ని చూసేదాకా అలాగే అనుకుంది.

ఇప్పుడు ఆ ఇంటి ముందుకే ఆడవాళ్లు కొంగు తల మీద కప్పుకుని వస్తున్నారు. ఎవరు పోయారో ఇంకా ఎవరికీ తెలియదు. ఒకావిడ శోభ చెయ్యి పట్టుకుని ఏమీ అడగకుండా నిలబడింది. శోభ ఆ చేతిని మెల్లగా విడిపించుకోవలసి వచ్చింది.

అప్పుడు వినిపించింది.

వాడంతా ఆగింది. ఒక్క సాంచ ఆగలేదు. చివరి నుంచి మూడో కార్ఖానా, ఆకుపచ్చ రేకు తలుపు. లోపల ఒక్కటే కొట్టుకుంటోంది.

మహిపాల్ పళ్లు కొరికాడు. “ఎవడువాడు? మనిషిని పంపి ఆపుమని చెప్త.”

“వద్దు.”

“ఒక్కడు వాడ మొత్తం మిషిన్‌ను ఖరాబ్ చేస్తున్నడు శోభా.”

“ఆగుండ్రి. ఇనుండ్రి.”

ఆమె కళ్లు మూసుకుంది. ఆమె భర్త సాంచలు బాగుచేసే మెకానిక్. అన్నం ముద్ద చేతిలో ఉండగానే పక్క కార్ఖానా చప్పుడు విని, ‘కండె అయిపోయింది, ఇగ ఆపుతడు చూడు’ అనేవాడు. అన్నట్టే ఆ సాంచ ఆగేది. కండెకు చుట్టిన నూలు నాలుగైదు నిమిషాలకే అయిపోతుంది. అప్పుడు నేసేవాడు సాంచ ఆపి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త కండె పెట్టి, మళ్లీ నడపాలి. ఎంత పనిమంతుడైనా అంతే. మొదట్లో ఆమెకు నవ్వు వచ్చేది. పోనుపోను తనకూ ముందే తెలిసేది. ఇద్దరూ ఒకేసారి చెప్పి నవ్వుకునేవారు.

ఈ సాంచ ఆగడం లేదు. వాడంతా ఆగినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కండె కోసం ఆగలేదు.

“దాంట్ల నూలు లేదు,” అంది శోభ. “ఉత్తగ నడుపుతున్నరు. బట్ట కోసం కాదు, గోడ అదురుడు కోసం. ఈ వాడోడు కాదు. చావుకు ఆపాలెనని తెల్వనోడు.”

“గోడ అదిరితే ఏమొస్తది వానికి?”

“మన మిషిన్‌కు ఊపిరి కనబడది.”

మహిపాల్ ముఖం మారింది. “గా సంగతి వానికెట్ల తెలుసు? మన ముగ్గురికి తప్ప ఎవ్వరికీ తెల్వది.”

శోభ అప్పటికే ఆకుపచ్చ తలుపు పక్క కార్ఖానా వైపు అడుగు వేసింది. పక్క కార్ఖానా మనుషులు చావింటి దగ్గరికి పోయారు. తలుపు తెరిచే ఉంది. ముగ్గురూ ఆగిన సాంచల మధ్య నుంచి నడిచి అవతలి గోడ దగ్గరికి వెళ్లారు. రమ పెట్టె ఆనించింది. తెర నిండా వణుకు.

“కనబడుతలేదా?” మహిపాల్ గుసగుసలాడాడు.

“ఉండుండ్రి సార్. వంద సాంచలుంటే ఒకదానికొకటి కలిసి గందరగోళమైతది. గిది ఒక్కటే. దీని దెబ్బ ఎప్పుడూ ఒక్కతీరుగ, జల్ది జల్ది పడుతది. మనిషి ఊపిరి నిమ్మళంగ ఉంటది. ఆ దెబ్బ ఒక్కదాన్ని తీసేస్త.”

ఆమె వేళ్లు కదిలాయి. వణుకు పలచబడింది. గోడకు అవతల గది మెల్లగా తేలింది. తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్న ఎర్ర చుక్కలు రెండు. వెనక మూలలో, నేలకు దగ్గరగా, పచ్చ చుక్క ఒకటి. పెద్దదవుతోంది, చిన్నదవుతోంది.

శోభ తెర మీదికి వంగింది. ఈసారి అది బీరువా తలుపు కాదు. మధ్యలో ఒకసారి ఆగి, దగ్గు వచ్చినట్టు కదిలి, మళ్లీ సర్దుకుంది. బీరువా దగ్గదు. ప్రకాశ్ బతికే ఉన్నాడు. పద్మకు ఇప్పుడే చెప్పాలనిపించింది.

“దాని పక్కకు ఇంకోటి ఉన్నది మేడం,” అంది రమ.

మొదటి చుక్కకు మూరెడు ఎడంలో మరో పచ్చ చుక్క. ఇది త్వరత్వరగా కొట్టుకుంటోంది.

“ఇద్దర్ని కూసోబెట్టిన్రు,” అన్నాడు మహిపాల్. “పోయింది ఒక్కడే గద?”

శోభ ఆ రెండో చుక్కను చూస్తోంది. బుగ్గారంలో గడప, డబ్బా, దాని మీద చెయ్యి. ఇద్దరి మధ్య పెట్టిన టీ గ్లాసులు. పొద్దున ఫోన్‌లో వినిపించింది ఫ్యాను గాలి కాదు. బండి మీద పోతుంటే కొట్టే గాలి.

“మన ముగ్గురికే కాదు,” అంది. “నేను పద్మకు చెప్పిన. అప్పుడు జలపతి ఆడనే ఉన్నడు. మిషిన్ అచ్చిందా అని పొద్దుగాల అడిగి తెలుసుకున్నడు.”

మహిపాల్ ఆమె వైపు చూశాడు. ఎగతాళికి ఇంతకన్నా మంచి అదను అతనికి దొరకదు. అది వదిలేశాడు. “ఫోన్ చెయ్యి ముందుగాల,” అన్నాడు.

పద్మ ఫోన్ పలకలేదు. ఇంటి నంబరు కలిపితే పద్మ అత్త ఎత్తింది.

“కోడలా? పొద్దుగాల జలపతి అచ్చి బండి మీద ఎక్కించుకపోయిండు గద బిడ్డా. ప్రకాశ్ దొరికిండు, మీరే రమ్మన్నరని చెప్పిండు. మొగడు తింటడని సర్వపిండి డబ్బ సుత పట్టుకపోయింది. చేరలేదా ఇంకా?”

“చేరింది అమ్మా,” అంది శోభ. గొంతు మామూలుగానే వచ్చింది. “చేరింది.”

భర్త నోరు తెరవనందుకు భార్యను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇక ఆమెను చూపించి అడుగుతారు. మూడేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్య మూరెడు దూరం మిగిలింది.

“ముంగట రేకు తలుపు, ఎనకకు చిన్నది ఇంకోటి ఉంటది,” మహిపాల్ అప్పటికే తన మనుషులకు సైగ చేస్తున్నాడు. “నేను ముంగటికెల్లి పోత. నువ్వు?”

“ఎనకకు. ఆ సందు నాకు తెలుసు.” రమ వైపు తిరిగింది. “ఫోన్ పెట్టకు. తెర మీద ఏమున్నదో నా చెవుల చెప్పుకుంటనే ఉండు.”

“మేడం, ఒక్క మాట. మూరెడు ఎడముంటెనే ఇది ఇద్దరని చెప్పగలుగుతది. అంతకన్న దగ్గర జరిగితే ఒక్కటే చుక్క చూపిస్తది.”

శోభ తల ఊపి బయటికి నడిచింది. వీధి చివర తన ఇంటి ముందు జనం ఇంకా నిలబడి ఉన్నారు. ఎవరి పేరో తెలియని చావు కోసం ఓపికగా ఎదురుచూస్తున్నారు. ఆమె సందులోకి తిరిగింది. చెవిలో రమ గొంతు.

“రెండూ ఉన్నయి మేడం. రెండూ ఉన్నయి. ఎర్రవి తలుపు దగ్గర్నే ఉన్నయి. రెండూ ఉన్నయి.”

చిన్న తలుపు కనిపించింది. పాత చెక్క. గోడ వెనక సాంచ కొట్టుకుంటూనే ఉంది. శోభ తుపాకీ చేతిలోకి తీసుకుంది.

సాంచ ఆగింది.

వాడలో ఇప్పుడు ఒక్క చప్పుడు లేదు. రెండేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం ఎలా ఉందో అలా ఉంది. నూలు లేని సాంచ కండె కోసం ఆగదు. ఎవరో ఆపారు. లోపల ఎవరో ఏదో మాట వినాలనుకున్నారు, లేదా వినవలసింది అయిపోయింది.

“ఎర్రదొకటి మూలకు పోతుంది మేడం,” అంది రమ. తర్వాత ఆగింది.

“చెప్పు.”

“వాళ్ల దగ్గరికి పోయింది. మళ్ల ఎనకకు అచ్చింది. మేడం...”

“చెప్పు రమా.”

“పచ్చవి రెండు లేవు. ఒక్కటే ఉన్నది.”

ఒకరినొకరు ఆనుకుని ఉంటే ఒకటే చుక్క. ఇద్దరిలో ఒకరు పోయినా ఒకటే చుక్క. ఆ తేడా చెప్పడం మిషన్ వల్ల కాదు.

శోభ అరచెయ్యి చెక్క తలుపు మీద ఆనించింది. ఒక్క క్షణం అలాగే ఉంచి, లోపలికి నెట్టింది.